పల్సు రేటు

రాంనగర్ గుండు కాడ నా డబ్బా మీద
జిరాక్సు, ఆధార్, పాన్‌కార్డు అని మూడుసార్లు రంగేపిచ్చిన.
అయినా వాన పడంగనే కిందికెళ్ళి ఎస్‌టీడీ అని
పసుపు అక్షరాలు బయటికొస్తయి
బాకీ అడగనొచ్చినోళ్ళ లెక్క.

నా పోలియో కాలు జూసి ఇచ్చిన బూత్ అది.
పద్నాలుగేండ్లు ఎర్ర అంకెల ముందల కూసున్న.

ఇప్పుడు ఆ మీటరున్న జాగల
సీటీసీ మూడో అంతస్తుల నాలుగున్నర వేలకు కొన్న కంప్యూటర్.
"విండోసుకు పైసలు గావాలె, లేకుంటె దొంగది ఎయ్యాలె" అన్నడు ముబషిర్.
దొంగది వద్దన్న.
లినక్స్ ఎక్కిచ్చిండు.
"ఇది ఫుకట్ కాకా, కానీ ఓపిక గావాలె."
రెండు కర్రల మీద మెట్లెక్కొచ్చినోనికి
ఓపిక సంగతి చెప్తున్నడు పోరడు.

అడిగింది పక్క దుకాణం జహీరా, ఫాల్ పీకో చేస్తది.
అక్క సలాలాల వంటమనిషి. చేతికి సెల్లియ్యరు.
వంటింటి గోడకు ఒక ఫోనుంది,
మధ్యాహ్నం ఇల్లంత పండుకున్నంక ఎత్తనిస్తరు.
వాట్సప్ గోడదాక పోదు.
సెల్లుకెళ్ళి కొడితే నిమిషానికో చీర కుట్టుకూలి.

మూడు రాత్రులు వెతికిన,
చేపల మార్కెట్ కడిగిన నీళ్ళు మోరీల సప్పుడాగేదాక.

ఒకటి మస్తు అగ్గువ.
నా మిషన్ల దిగదు.
లినక్స్ పక్కన "త్వరలో" అని రాసిండు,
రాసి ఆరేండ్లయింది.

ఇంకోటి దిగింది, మోగింది గూడ.
కిందికి, ఇంకా కిందికి, చీమంత అక్షరాలల్ల
కలిసినందుకు వేరే,
తొంభై రోజులు వాడకుంటె మిగిలింది మాయం.
చిట్టీ ఎత్తుకోని పారిపోయినోడు గూడ
ఇంత నున్నగ మాట్లాడలే మాతోని.

మూడోటోడు, మీటర్ నాది రిసీవర్ నీ ఇష్టం అంటడు.
ఏ ఫోన్ ప్రోగ్రాం పెట్టుకున్నా సరే,
పేరు, పాస్‌వర్డ్, సర్వరు, మూడు గడులు నింపాలె.
నింపిన. గంట కొట్లాడిన.
నా మాట పోతలేదు.
జూస్తే మైకు నోరు మూసుకోనుంది,
మనం తెరిస్తె తప్ప తెరవదంట.

పరీక్షకని ఒక నంబరిచ్చిండు,
నీ మాట నీకే తిరిగొచ్చేది.
"హలో, ఎవలు?" అన్న.
అర సెకను ఆగి, ఫ్యాను సప్పుడు వెనకేసుకోని,
"హలో, ఎవలు?" అన్నడొకడు.
యాభై రెండేండ్ల గొంతు.
ఏం చెప్పాల్నో తోచక పెట్టేసిన.

మూడోదే తీస్కున్న.
"రెండోదానికన్న ఇరవై పైసలు ఫిరం కాకా,
లెక్క తప్పినవ్" అన్నడు ముబషిర్.

తప్పలే.
ఇది సెకన్లు లెక్క వెడ్తది, నిమిషాలు కాదు.

నేను జూసిన గద,
యాభై ఐదు దాటంగనే మనుషుల మొఖాలు.
అడిగిన మాటకు జవాబు రాకముందే
రిసీవర్ పెట్టేసి చిల్లర తీసేటోళ్ళు.
ఒకాయన, సున్నం పనోడు, పేరు యాదికి లేదు,
అరవై ఒకటి పడ్డది.
మాటలైపోయినయి.
కట్టిన పైసలు ఎందుకు పోవాలె అని
ఆ రెండో నిమిషం మొత్తం
చెవికి పెట్టుకోని ఊకెనే నిలబడ్డడు.
అవుతల గూడ ఎవరో పెట్టెయ్యలే.
ఆయన పోయినంక కౌంటర్ మీద
నాలుగు తెల్ల వేళ్ళ అచ్చు.
ఆ దినం తుడువలే.

శుక్రారం రెండున్నరకు జహీరా వచ్చింది,
దుపట్టకు గుచ్చిన సూది తియ్యకుంటనే.
హెడ్‌ఫోన్ల ఒక్క చెవే పనిచేస్తది, అదిచ్చిన.
ఎనిమిదిసార్లు మోగింది. నేను గూడ లెక్కపెట్టిన.
"ఆపా" అన్నది,
అని, శానసేపు ఇంకేం అనలే.

తెర మీద అంకెలు ఉరుకుతున్నయి.
మానిటర్‌ను గోడ దిక్కు తిప్పి
ఎవరిదో రేషన్ కార్డు జిరాక్స్ తీస్కుంట కూసున్న.

"ఎంతయింది?"
నాలుగు నిమిషాల పదిహేడు.
"ఐదుకు కట్టాల్నా?"
వద్దమ్మా.
పదిహేడుకు పదిహేడే.