జిగురు ఆరేదాకా

వూచ్ నగరంలో పాత నూలుమిల్లు,
ఇప్పుడు డిజైన్ కాలేజీ.
వర్క్‌షాపు తాళంచెవి నాది.
రాత్రి పదకొండుకి గంట కొట్టినట్టు దగ్గుతాను,
పిల్లలు రంపాలు దించి వెళ్ళిపోతారు.

యాగోదా మాత్రం కదల్లేదు.
రేపు తొమ్మిదింటికి అప్పగించాలట:
స్టూలు, దాని బొమ్మలు, పన్నెండు పేజీల సంజాయిషీ.
స్టూలు ఎందుకు స్టూలో రాయాలట, నవ్వొచ్చింది.

గోడ నిండా పసుపు చీటీలు.
ఒకటి చింపి రెండు అంటిస్తోంది.
పొద్దున బేకరీలో డ్యూటీ చేసొచ్చిందేమో
మోచేతి మీద పిండి,
దాని మీద రంపపు పొట్టు,
ఏది ఏదో పోల్చుకోలేకపోయాను.

నాలుగో కాలు బిగించాక అడిగింది:
"పాన్ జెనోన్, జిగురు తొందరగా ఆరే దారి లేదా?"
"నాలుగు గంటలు."
"హీటర్ దగ్గర పెడితే?"
"పగులుతుంది."

చీటీల వైపు చూసింది. గడియారం వైపు చూసింది.
నా కోటు అడిగి తీసుకుని
చెక్కపొట్టు బస్తాల మీద ఒరిగిపోయింది.

మా అమ్మ ఈ హాల్లోనే రాత్రి షిఫ్టు నేసేది.
నిలబడే కునుకు తీసేదట, మగ్గం ఆగితే మెలకువ.

ఈ రాత్రి నేను దగ్గలేదు.

కిటికీ మీద మొదటి ట్రాము వెలుగు పాకినప్పుడు
క్లాంపులు నేనే విప్పాను.
స్టూలు కొంచెం ఊగింది.
గోడ మీది చీటీ ఒకటి పీకి, మడిచి,
పొట్టి కాలి కింద దోపబోయి
చదివాను: పదో పేజీ, ఇంకా రాయలేదు.

మళ్ళీ గోడకే అంటించాను.
ఊగితే ఊగనీ.
అప్పుడు లేపాను.