రెండో లాంతరు

మూడేళ్లు రాసిన ఆట.
గుణుపురంలో, పంచర్ల షాపు మీద గదిలో,
కింద నుంచి వచ్చే రబ్బరు వాసనలో.

ఆటలో ఒకడే మనిషి. చేతిలో లాంతరు.
ఎత్తేసిన చిన్న రైలు దారి వెంబడి
కాశీనగరం దాకా రాత్రంతా నడుస్తాడు.
గేట్లు తీస్తాడు, మూస్తాడు.
రాని బండికి పచ్చదీపం ఊపుతాడు.
అంతే.
నూట నలభైమంది కొన్నారు.
వాళ్లలో ఒకాయన అడిగాడు:
"బాగుంది. మా తమ్ముడు కూడా నడవచ్చా?"

ఆ 'కూడా' నన్ను ముంచింది.

షాపు డొంబరు సాహు అన్నాడు,
"ఇంకో బొమ్మెట్టెయ్, ఏటుంది అందులో?"
ఏటుందంటే,
చిన్న రైలుని పెద్ద రైలు చేసినప్పుడు
పక్కన ఇంకో పట్టా వేసి ఊరుకున్నారా సాహుగారూ?
వంతెనలు విప్పారు. ప్లాట్‌ఫారాలు లేపారు.
మలుపుల నడుములు విరిచి మళ్లీ అతికారు.
ఏళ్ల తరబడి ఈ ఊళ్లో కూత లేదు.

కోడ్‌లో ఆ మనిషికి పెట్టిన పేరు: నేను.
కుర్రతనం. వేరే పేరు తోచలేదు.
ఇప్పుడు వెతికితే నాలుగువందల పన్నెండు చోట్ల నేను.
గేటు తీసేది నేను. కుక్క మొరిగేది నన్ను చూసి.
చంద్రుడు కూడా నేనెటు నడిస్తే అటే.
ఒక్కొక్క వరుస దగ్గరా ఆగి అడగాలి:
ఏ నేను?

రెండోవాడు ఇస్రాయిల్ రైకా.
సెరంగో దారిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.
సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు మెట్లెక్కి కూర్చుంటాడు.
మాట్లాడితే ఒడియాలో 'ఆమే' అంటాడు.
మనమా, మేమా? అంటే నవ్వుతాడు.
ఆ భాషలో రెండింటికీ అదే మాట.
మాకలా కుదరదు. నిన్ను కలుపుకున్నానో వదిలేశానో
నోరు తెరవగానే తెలిసిపోతుంది.

మొదటి రాత్రి
నా తెరమీద గేటు మూసి ఉంది,
వాడి తెరమీద తీసి ఉంది.
వాడు మామూలుగానే నడిచాడు.
నాకు మాత్రం కర్రల్లోంచి దూరిపోయాడు, దెయ్యంలా.
కబురు అందేలోపు వాడెక్కడుంటాడో
నా మెషీను ఊహిస్తుంది.
ఊహ తప్పితే మెడ పట్టుకుని వెనక్కి లాగుతుంది,
తప్పు వాడిదైనట్టు.
ఎవరి నిజం నిజం?
ఎవరిదో ఒకరిది ఉండి తీరాలి. నాది ఉంచాను.
"మీ ఇంట్లో ఆడితే మీదే నెగ్గాలేటి?" అన్నాడు వాడు,
తెలుగులోనే,
నాకు అర్థం కాకుండా పోతుందేమోనని.

ఇంకోటి కూడా పోయింది: ఆగడం.
ఒక్కడినే ఆడుకునేటప్పుడు ఒక మీట నొక్కితే
వాన గాల్లోనే నిలబడేది. అన్నం తిని వచ్చేవాణ్ణి.
ఇద్దరయ్యాక వానని ఆపే హక్కు ఎవరికీ లేదు.

నిన్న పదకొండింటికి వాళ్ల వైపు కరెంటు పోయింది.
వంశధార వంతెన మీద వాడి బొమ్మ నిలిచిపోయింది,
ఒక కాలు ఎత్తి.
లాంతరు వెలుగుతూనే ఉంది.
ముప్పై సెకన్లు చూసి
మనిషిని తీసెయ్యమని రాసింది నేనే.
ఇరవై ఆరు దగ్గర ఆ వరుస కొట్టేశాను.

ఆటలో గొడుగు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.
ఒక్కడు తడిస్తే అది వాతావరణం.

నా మనిషిని నడిపించి వాడి పక్కన నిలబెట్టాను.
చెయ్యడానికి ఏమీ లేదక్కడ. గేట్లన్నీ ముందున్నాయి.
కింద సాహు షట్టరు ఎప్పుడో దించేశాడు.
పన్నెండు దాటాక
ఎత్తిన కాలు వంతెన మీద ఆనింది.
"ఎంతసేపైంది?"
ఇప్పుడే, అని టైపు చేశాను.

కొట్టేసిన వరుస ఇంకా తిరిగి పెట్టలేదు.
గొడుగు గీయాలి.
అది ఎవరి చేతిలో ఉంటుందో
ముందు తేల్చుకోవాలి.