బ్రేకు మనిషి

ముప్పై ఒక్కేళ్లు
కొండెక్కే పెట్టెబండికి బ్రేకు వేశాను.
వాల్పరాయిసోలో సగం జనం
నా కుడిచెయ్యి నమ్ముకుని రేవుకి దిగారు.
నెలలు నిండినవాళ్లు, తాగి నిద్రపోయిన నావికులు,
పెళ్లికేకు గుండెకి హత్తుకున్న కుర్రాడు,
ఒకసారి పియానో.
ఒక్కరోజూ, ఒక్క అంగుళమూ జారనివ్వలేదు.

ఇప్పుడు ఆరు కిలోల కుక్కని ఆపలేకపోతున్నాను.

పేరు చిస్పా. నిప్పురవ్వ అని అర్థం.
పెట్టినవాళ్లు తెలిసే పెట్టారు.
పక్కింటి యాస్నా
ఉత్తరాన రాగిగనిలో షిఫ్టుకి పోతూ
"పదిహేను రోజులే, డాన్ ఎవరిస్తో" అని
నా చేతిలో తాడు పెట్టింది.
తాడు చివర ఇది.
ఈ నెలతో ఐదు పదిహేనులు అయ్యాయి.

కుక్కతోక వంకరని సామెత చెప్పుకుందామన్నా
దీనికి తోకే లేదు.
బొటనవేలంత మొండి,
అదీ ఊరుకోదు.

నాది రేకుల గోడల ఇల్లు.
వంటింట్లో తుమ్మితే పడగ్గదిలో గాజుగ్లాసు పలుకుతుంది.
ఇది పరుగెడితే ఇల్లంతా డప్పు.
మెట్లసందులో గ్యాసువాడు
సిలిండరు మీద కడ్డీతో టంగుమనిపించాడా,
సోఫా మీంచి కిటికీకి, కిటికీ నుంచి నా ఒళ్లోకి,
నా ఒళ్లోంచి మళ్లీ యుద్ధానికి.

పాఠం పొద్దున ఏడింటికి, టీ చల్లారేలోపు.
పిడికిట్లో సాసేజి ముక్క.
నాకుతుంది, గీరుతుంది,
నా మణికట్టుకి ఉపన్యాసం ఇస్తుంది.
తెరవను. మాట్లాడను.
విసిగి వేసారి, పిర్రలు నేలకానించి
"అసలు నీకేం కావాలయ్యా?" అన్నట్టు చూస్తుందే,
అప్పుడు తెరుస్తాను.
ఇంతే విద్య.
నేర్చుకోడానికి దానికి రెండు రోజులు పట్టింది,
నాకు మూడు వారాలు.

తర్వాత "ఆగు".
అరచెయ్యి చూపించి నేను ఒకడుగు వెనక్కి,
అది రెండడుగులు ముందుకి.
మొదట్లో లివరు లాగినంత గట్టిగా అరిచాను.
చెవులు వెనక్కేసి బల్లకింద దూరింది.
పెట్టెబండి కూడా అంతే, దభాలున లాగితే కుదుపుతుంది.
ముందుగా, మెల్లగా, పట్టు సడలకుండా లాగాలి.
ఆ సంగతి చేతికి తెలుసు,
గొంతుకి ఎవరూ చెప్పలేదు.

మూడు ఊపిర్లు ఆగింది.
ఇంకో వారానికి ఏడు.
తర్వాత నేను అలమరా దాకా వెళ్లొచ్చేంత.
గ్యాసువాడొచ్చాడు. మళ్లీ సున్నా.

జూన్‌లో ఒక రాత్రి నేల కదిలింది.
మాకిది కొత్త కాదు,
చిన్నవాటికి చేతిలో చెంచా కూడా దించం.
ఇది చిన్నది కాదు.
అలమరా తలుపు తెరుచుకుని
ప్లేట్లు వరసలో ఒక్కొక్కటే దూకాయి.
చీకట్లో చెయ్యి చాపి "ఆగు" అన్నాను.
ఎవరితోనో నాకే తెలీదు.
కొండతో కాబోలు, పాత అలవాటు.
కొండ వినలేదు.
ఊగాలనుకున్నంతసేపు ఊగి
తనంతట తనే ఊరుకుంది.

టార్చి వేసి చూస్తే
నేలంతా పింగాణీ పెంకులు.
నడుమ ఒక గచ్చుబిళ్లంత ఖాళీలో
కూర్చుని ఉంది చిస్పా.
ఒళ్లంతా వణుకు, మొండితోక కూడా.
పాదాలు మాత్రం కదల్లేదు.
కళ్లు నా అరచేతి మీద.

చెయ్యి ఇంకా చాపే ఉందని
అప్పుడు గమనించాను.

బూట్లు తొడుక్కుని చీపురుతో దారి తీశాను.
నలభై ఊపిర్లు ఉంటాయేమో, లెక్క తప్పింది.
దగ్గరికి చేరాక కూడా ఎత్తుకోలేదు.
డ్యూటీలో ఉన్నవాణ్ణి
మధ్యలో ఎవరైనా ఎత్తుకుంటారా?
చివరి పెంకు ఊడ్చి, మోకాళ్లు వంచి,
"ఇక రా" అన్నాను.

వచ్చింది.
ఆ పూట సాసేజి అడగలేదు.

తెల్లారి యాస్నా ఫోను.
అందరూ క్షేమమేనా, కుక్క ఎలా ఉంది,
ఆదివారం వచ్చి తీసుకుపోనా.
"ఇంకా కుదురు రాలేదమ్మా,
మరో పదిహేను రోజులు ఉండనీ" అన్నాను.

చెప్పడం ముగించి కిందికి చూస్తే
నా ఎడమబూటు లేసు సగం దాని నోట్లో ఉంది.
దేవుడి దయ.
అబద్ధం చెప్పినవాణ్ణి కాలేదు.