తలలెక్క

బరంపురంలో నా పేరు పోయి ఏడేళ్ళయింది.
బడి గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు, ఎవరి తాలూకా అని.
"మౌళి వాళ్ళమ్మని" అన్నాను.
అదే రాసుకున్నాడు రిజిస్టర్లో.
అదే అతుక్కుంది.

స్వాగతిక పేరు రెండేళ్ళ దాకా నాకూ తెలీదు.
నా ఫోన్లో ఆవిడ "ఇతిశ్రీ మమ్మీ".
ఆవిడ ఫోన్లో నేను గుండ్రటి ఒడియా అక్షరాల్లో
"మౌళి మా".
చివర ఉన్న ఆ "మా" ఒక్కటే
చూసి చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

మా ఆయన గూడ్సు గార్డు.
ఆదివారాలు ఆయనకి పలాస దగ్గరో ఖుర్దా దగ్గరో
లూప్ లైన్లో ఆగిపోతాయి.
వాళ్ళాయన రంభలో బ్యాంకు, ఇంటికొస్తే నిద్ర.
అందుకని రెండు స్కూటీలు, ఇద్దరు పిల్లలు,
గోపాలపురం రోడ్డు.
రెండు తువ్వాళ్ళు, పొడిబట్టలు, ఉప్మా డబ్బా,
ఆవిడ తెచ్చే చకుళి పిఠా,
తీరా వెళ్ళాక ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చే నీళ్ళ సీసా.

సముద్రం మేం చూసిందే లేదు.
దాని ముందు నిలబడి తలలు లెక్కపెట్టేవాళ్ళం.
నేను ఒకటి, రెండు.
ఆవిడ ఏక, దుఇ.
అల వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి.
ఆ మధ్యలోనే,
నా తెలుగు ఒడియాలో, ఆవిడ ఒడియా తెలుగులో
అత్తగారి మోకాళ్ళు, గిరి మార్కెట్లో చేపల ధర,
ఒకసారి మాత్రం, గబుక్కున,
నిలవని ఒక కాన్పు గురించి.
అది చెప్తూ కూడా కళ్ళు పిల్లల మీదే.

అయిదో తరగతిలో పిల్లలు మాట్లాడుకోవడం మానేశారు.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
రబ్బరంటాడు వీడు.
రబ్బరు కాదంటుంది ఆ గుంట.
సెక్షన్లు మారారు. పుట్టినరోజులకి పిలుపులాగిపోయాయి.
గేటు దగ్గర మేం
విడాకులైన ఇంటి వియ్యపురాళ్ళలా
తలూపుకుని తప్పుకునేవాళ్ళం.
స్కూటీ తాళంచెవి ఆదివారమంతా
మేకుకి వేలాడుతూ ఉండేది.

ఎనిమిది నెలలు ఆగాను.
తర్వాత ఒక శనివారం రాత్రి ఫోన్ చేశాను.
"రేపు గోపాలపురం వెళ్దామా?"
"ఇతి రాదు కదా" అంది, తనే తప్పు చేసినట్టు.
"ఇతిని పిలవలేదు. మిమ్మల్ని."
అటువైపు కుక్కర్ ఒక కూత వేసింది.
రెండోది.
మూడో కూత తర్వాత "హఁ" అంది.

తువ్వాలు లేదు, డబ్బా లేదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో ఇద్దరికీ తెలీలేదు.
మొదటి పావుగంట పిల్లల గురించే మాట్లాడుకున్నాం,
తెలిసిన దారి కదా.
వేయించిన చేపలమ్మే అతను
"పిల్లలేరమ్మా?" అని వెతుక్కున్నాడు మా వెనక.
లేరని చెప్తే
సగం ధరకే రెండు ముక్కలిచ్చాడు,
ఏమనుకున్నాడో ఏమో.

కాలేజీలో ఖోఖో ఆడేదట ఆవిడ.
నమ్మలేదు నేను.
లైట్‌హౌస్ వైపు ఇసకలో చీర ఎగ్గట్టి
పరిగెత్తి చూపించింది.
వెనకనుంచి అల వచ్చింది.
తడిసిపోతావే అని అరవడానికి ఎవరూ లేక
మేమే తడిశాం, మోకాళ్ళ పైదాకా.

"మీ అమ్మ నిన్నేమని పిలిచేది?" అంది
పిండుకుంటూ.
"హైమ."
తడి వేళ్ళతోనే ఫోన్ తీసి ఏదో చెరిపి ఏదో రాసింది.
నాకు చూపించింది.
చదవలేను. పొట్టిగా ఉంది.
చివర "మా" లేదు.

చీకటి పడుతుంటే స్కూటీ తీసి
అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను.
ఒకటి, రెండు.
పక్కన ఆవిడ పెదాలూ కదిలాయి.
లెక్క సరిపోయింది.