ఎనిమిదో చీర

"గౌసియమ్మా, చీరలు యాడపోయినాయి?
పెట్టెలే కనపడ్తాండాయి" అన్నాడు ఫోన్లో ఉరుకుందప్ప.
ఎమ్మిగనూరు బస్టాండు వెనక, జిరాక్సు మిషను పక్కన
నా అంగట్లో మాత్రం అవి కళకళలాడుతున్నాయి,
అంచులు, చెంగులు, మడతల నీడలతో సహా.
"నాకు అన్నీ కనిపిస్తున్నాయి కదా మామా" అన్నాను.
ఈ పనిలో అందరం మొదట చెప్పే అబద్ధం అదే,
అబద్ధమని తెలియకుండా చెప్పేది.

వచ్చాడు. చొక్కా నిండా పోగుల నూగు.
ఫోను అద్దం మీద అడ్డంగా పగులు,
పగులు కింద తెల్లటి పెట్టెలు ఎనిమిది,
ఒక్కోదాని మూలన చినిగిన కాగితంలాంటి గుర్తు.
ధరలు మటుకు వరసగా ఉన్నాయి.
"బట్ట లేని మగ్గానికి రేటు కట్టినట్టుండాదే" అని నవ్వాడు.

సిగ్నలు చూశాను. పేజీ మూసి తెరిచాను.
ఫోను దాచుకున్న పాత గుర్తులన్నీ తుడిచేశాను.
పేపరు గ్లాసుల్లో టీ తాగాం.
అప్పుడు దొరికింది తప్పు, నాదే.
బొమ్మ ఎక్కడుందో చెప్పాల్సిన చోట
నా కంప్యూటరులోని అర పేరు రాసిపెట్టాను.
ఊరందరినీ భోజనానికి పిలిచి
తాళమేసిన మా వంటింటి దారి చెప్పినట్టు.
నాకెందుకు కనిపించవు? తాళంచెవి నా దగ్గరే ఉంది.

చిరునామా మార్చాను. అయిదు వచ్చాయి
మెల్లగా, పడుగులోకి పేక ఎక్కినట్టు,
గీత మీద గీత.
ఉరుకుందప్ప తెరని తాకలేదు, గాలిలోనే లెక్కపెట్టాడు.
"ఇంగ మూడు."

రెండింటి పేర్ల చివర మూడక్షరాలు పెద్దబడిలో ఉన్నాయి.
కోడలు నరసమ్మ ఫోను అట్లా పేరు పెట్టిందట,
నేనేమో చిన్నబడిలో పిలిచాను.
నా మిషను సర్దుకుపోయే రకం, ఎట్లా పిలిచినా పలికింది.
ఎక్కడో దూరాన ఉన్న ఆ పెద్ద మిషను పలకలేదు.
"అచ్చరాల్లో గూడ పెద్దా చిన్నా ఉంటాయా మ్మా?"
మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలో లేవు,
ఆయన రాసే తెలుగులో లేవు.
అక్షరాల్లో పెట్టని తేడా
మనుషుల్లో ఎక్కడ పెట్టారో ఇద్దరికీ తెలుసు గనక
ఆ మాట అక్కడే వదిలేశాం.

రెండూ వచ్చాయి. ఎనిమిదోది రాలేదు.
పేరు సరే, దారి సరే. లోపల చూస్తే సున్నా.
ఫోన్లోంచి ఎక్కిస్తుండగా కరెంటు పోయిన సాయంత్రం
గిన్నె వచ్చింది, సంగటి రాలేదు.
అంటే నా దగ్గరా మొదట్నించీ ఏడే.
నేను లెక్కపెట్టలేదు. అన్నీ కనిపిస్తున్నాయన్నాను.

అసలు ఫోటో? నరసమ్మ ఫోను అద్దకం తొట్టిలో పడింది.
అసలు చీర? ఆదోనివాళ్లు కొనుక్కుపోయారు.
అట్లాంటిది మళ్లీ దిగాలంటే నెల.
"తీసేద్దామా మామా?"
"తీసేస్తే ఎట్లమ్మా! పోగు తెగితే
జాగా వదిలేస్తామా? ముడేస్తాం గానీ."

బొమ్మ రానిచోట మాట రాసే వీలుంది.
అన్నిటికీ అక్కడ 'ఫోటో' అని కొట్టి ఊరుకున్నాను ఇన్నాళ్లూ.
"చెప్పు, ఎట్లుంటుంది?"
కళ్లు మూసుకున్నాడు. చేతులు కదిలాయి.
"ఒళ్లంతా ఉల్లిపొట్టు రంగు. పాత గడ్డది కాదు,
కర్నూలు మార్కెట్టుకొచ్చే తొలిగడ్డది,
ఎండకు పెడ్తే లోపలి ఎరుపు కనపడ్తాది.
అంచు వేపాకు పచ్చ, బెత్తెడు.
చెంగున జొన్నకంకులు పదకొండు.
పన్నెండోదానికి జరీ చాల్లేదు. అది గూడ రాయి."

రాశాను, పన్నెండోదాని సంగతితో సహా.
తెల్లపెట్టెలో నల్లటి వరసలు నాలుగు.
పెదాలు కదిలిస్తూ చదువుకున్నాడు,
వేపాకుకి ముందు 'లేత' అని కలపమన్నాడు.

నూటేభై అన్నాను. వంద చేతిలో పెట్టి
జేబులోంచి పోగుముక్క ఒకటి తీశాడు.
"రంగు ఇదీ. సరిచూసుకో."

ఆయన మలుపు తిరగ్గానే కరెంటు పోయింది.
ఏడు చీరలూ పోయాయి, రాసిన మాటలూ పోయాయి.
కిటికీ దగ్గర నిలబడి
ఆ పోగును ఎండకి పట్టి చూశాను.
ఉల్లిపొట్టు కన్నా కొంచెం ఎరుపెక్కువే.
రేపు మార్చాలి.