బిల్లు తెల్లబడకముందే

మర్రిపాలెం సూపర్ బజారులో
అర లీటరు నువ్వుల నూనె సీసా మీద
నూట తొంభై ఎనిమిది అని అచ్చు,
కింద చీమతలంత అక్షరాల్లో
'అన్ని పన్నులూ కలిపి'.
బిల్లు మీద రెండొందల ఐదు.

కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాను.
ఏడు రూపాయలు.
ఏడు రూపాయలకి ఈ ఊళ్ళో ఏమొస్తుంది?
ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర సగం టీ,
అదీ బండివాడు మంచోడైతే.

"సిస్టంలో అలాగే ఉందండి" అంది కౌంటరు అమ్మాయి.
బ్యాడ్జీ మీద పేరు బి. నీలవేణి.
ఆ సిస్టం ఎక్కడుంటుందో
నేనూ చూడలేదు, ఆమే చూడలేదు.

వెనక క్యూ కదిలింది, సణిగింది.
"ఏడు రూపాయలకేటి మాస్టారూ, కానియ్యండి."
"పెద్దాయన, పాపం."
చెవుల్లో తీగలు పెట్టుకున్న కుర్రాడొకడు
"అంకుల్, ఆ ఏడు నేను కొట్టేస్తా" అని ఫోను తీశాడు.
వాడి మంచితనం
చెంప మీద తగిలింది.

బాబూ,
ముప్ఫై ఒక్క ఏళ్ళు పోర్టులో లారీల కాటా మీద కూర్చున్నాను.
ఖాళీ బండి ముందు, నిండు బండి తరవాత,
మధ్యలో తేడాయే సరుకు.
నాకొచ్చిన లెక్క అదొక్కటే.
బొగ్గు ధూళి కంచంలోకి కూడా వచ్చేది,
మా ఇంట్లో తెల్లబట్ట ఆరేసిన పాపాన పోలేదు.
ఖాళీ బండి తూచేటప్పుడు
క్లీనరు సీటు కింద ముడుచుకుని దాక్కునేవాడు.
వాడి యాభై కిలోలూ సరుకులోంచి మాయమయ్యేవి.
"పదిహేను టన్నుల్లో యాభై కిలోలు ఏపాటి సారూ?" అనేవాడు డ్రైవరు.
"దిగు" అనేవాణ్ణి.
అంతే. ఇంకో మాట లేదు.

ఇప్పుడూ అదే.
ఈ బిల్లులో ఎవడో సీటు కింద దాక్కున్నాడు.
దిగమనండి.

మేనేజరు వచ్చాడు, టై కట్టిన చెమట.
"పాత స్టాకు సార్, కొత్త రేటు."
సీసా పాతదైతే నూనే పాతదే,
ధర ఒక్కటే ఎలా పడుచుదవుతుంది నాయనా?
గుప్పెడు చాక్లెట్లు బల్ల మీద పోశాడు.
నాకు షుగరు.

చివరికి గొంతు తగ్గించి
"మీకొక్కరికీ తిరిగిచ్చేస్తాం లెండి" అన్నాడు.
నాకొక్కడికేనా?
పొద్దుట్నుంచి ఈ సీసా ఎన్ని సంచుల్లోకి ఎక్కిందో
ఆ మిషను చెప్పగలదు, చెప్పదు.
రోజుకి నలభై అనుకో, ఏడు నలభైలు...
వద్దు. లెక్క మొదలెడితే
తెల్లారేదాకా నిద్ర పట్టదు నాకు.

రెండొందల ఐదూ లెక్కపెట్టి ఇచ్చాను.
ఆ బిల్లే కావాలన్నాను, అంకె మార్చకుండా.

కాగితం చింపి ఇస్తూ
తలెత్తకుండా అంది నీలవేణి:
"తాతగారూ, ఇది నెల తిరిగేసరికి తెల్లబడిపోద్ది.
ఇవాళే జిరాక్సు తీయించండి.
సీసా మూత మాత్రం ఇప్పకండి."
పెన్ను తీసి బిల్లు వెనక ఏదో రాయబోయింది.
నేను జరిగి
మేనేజరుకీ ఆమెకీ మధ్య నిలబడ్డాను.
ఈ వెడల్పాటి వీపు
రిటైరయ్యాక పనికొచ్చింది ఆ ఒక్కసారే.

బయట ఎన్ఏడీ వైపు బస్సుల హారన్లు.
జిరాక్సువాడు రెండు రూపాయలన్నాడు,
గోడ మీద బోర్డూ రెండే అంది.
ఎంత హాయిగా ఇచ్చానో!

తూనికలు కొలతల ఆఫీసుకి ఒక కాయితం వెళ్ళింది,
వినియోగదారుల కమిషనుకి ఒకటి.
వాయిదా వచ్చే నెల్లో.
సీసా అలమరలో ఉంది, సీలుతో.
పోపుకి నూనె లేదని వరహాలమ్మ రోజూ సణుగుతోంది,
కాని దాని మూత మీద చెయ్యి వెయ్యదు.

నిన్న బిల్లు తీసి చూశాను.
ఆ పిల్ల చెప్పినట్టే
షాపు పేరు పోయింది, నూనె పోయింది,
రెండొందల ఐదూ పోయింది.
వెనక్కి తిప్పితే
నీలం సిరాలో, కొంచెం వంకరగా
కౌంటరు మూడు.
సాయంత్రం ఆరూ నలభై.