మూగ మెట్టు

అట్ట ఎప్పుడో చిరిగిపోయింది. రాసినవాడి పేరు
వెండిపురుగులు తినేశాయి, చివరి రెండక్షరాలు వదిలి.
అడుగున లైప్జిగ్‌లో అచ్చయినట్టు చిన్న ముద్ర.
మంచు కురిసే ఏదో ఊళ్లో, నూట డెబ్బై ఏళ్ల కిందట,
నిద్ర పట్టని మనిషొకడు రాసుకున్న రాత్రి ఇది
అంటారు విమలాబాయి గారు. ఆవిడకి మిస్ మర్టిల్ చెప్పింది.
మిస్ మర్టిల్‌కి ఎవరు చెప్పారో.

నాకు తెలిసింది వేరు.
ఎడమ చెయ్యి అంతా కెరటం. పోతుంది, వస్తుంది, పోతుంది.
కుడి చెయ్యి దానిమీద తెప్ప.
పెదజాలరిపేటలో పుట్టినోడికి ఇంతకన్నా విడమర్చక్కర్లేదు.

పదిహేడో గడిలో తెప్ప కెరటం నెత్తికెక్కుతుంది.
అక్కడొక స్వరం ఉండాలి, మొత్తం రాత్రికీ ఎత్తైనది.
వాల్తేరులో అది లేదు.
తొంభై ఏళ్ల పైమాట, ఆ మెట్టు దిగదు, పలకదు.
రైలు గార్డు కూతురు మర్టిల్ రొజారియో అక్కడ
వేలు గాల్లోకెత్తి, ఒక్క ఊపిరి ఆగి, కిందికి దిగేది.
ఆవిడ దగ్గర నేర్చినవాళ్లంతా ఎత్తారు.
పోర్టు ఇంజనీరు గారి భార్య ఎత్తింది.
చర్చిలో వాయించే ఫిలోమినమ్మ ఎత్తింది.
ఇప్పుడు గాజువాక కీబోర్డు క్లాసులో పిల్లలు
అన్ని మెట్లూ పలికే ప్లాస్టిక్ పెట్టెమీద కూడా
అక్కడికొచ్చేసరికి ఎత్తుతారు.
ఎందుకమ్మా అంటే, "అది అంతే అంకుల్."

కారణం మాత్రం ఊరందరికీ తెలుసు.
హార్బరు లేని రోజులు. కలకత్తా స్టీమరు దూరాన నిలబడితే
కొబ్బరితాడుతో కుట్టిన పడవల్లో సామాను ఒడ్డుకొచ్చేది.
పియానో పెట్టెని ఎవడో పడవోడు కెరటాల్లో ముంచేశాడు.
ఆ పడవోడు మా తాత, మైలపల్లి ఎర్రయ్య.
"తడిసింది నేనురా, పెట్టి తడవలేదు" అనీవోడు
మంచం పట్టాక కూడా.
కూలిలో ఎనిమిదణాలు కోశారు.

ముప్పై ఏళ్లుగా ఈ పియానోకి శ్రుతి చేస్తున్నాను.
ఉప్పుగాలికి తీగలు తుప్పు, వానాకాలం చెక్క ఉబ్బు.
హుద్‌హుద్‌కి పైకప్పు లేచిపోతే
ఆ కాగితాలు దండెంమీద ఆరేసి, ఇస్త్రీ చేసింది కూడా నేనే.
"ఆ ఒక్కదాని జోలికి పోకు, మిస్ ఎలా వదిలిందో అలాగే ఉండాలి"
అనేవారు విమలాబాయి గారు ప్రతిసారీ.

మొన్న కబురెట్టారు. కళ్లలో శుక్లాలు, ఎనభయ్యోపడి.
"విప్పు ఎర్రయ్యా" (నాకూ తాత పేరే)
"వాడసలేం రాశాడో ఒకసారి విని పోతాను."

విప్పాను.
మెట్టు కింద చెమ్మ మరక లేదు, ఉప్పు పొడి లేదు.
సుత్తిమీది ఉన్నిలో ఒక్క గాటు లేదు,
పక్కవన్నీ అరిగి గాళ్లు పడ్డాయి గానీ ఇది నిన్న అంటించినట్టుంది.
టార్చి వేశాను.
చింతపిక్క.
ఒక పక్క అరగదీసి తెల్లగా చేసిన ఆటపిక్క.
కలకత్తా గుంటదో, మన గుంటదో,
ఏ పిల్ల ఆడుతూ జారవిడిచిందో, అడగడానికి ఎవరూ లేరు.

అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను.
"ఏమైంది, పాడైందా?" అన్నారావిడ.
లేదమ్మా. తడవలేదు.

తీగ మార్చాను. నొక్కాను.
ముసలి గొంతుల మధ్య పదేళ్ల పిల్ల గొంతు.
వీధిలో ఆటో హారనుకి కూడా అది చెదరలేదు.
ఆవిడ కుర్చీ లాక్కుని మొదలెట్టారు.
పదిహేడో గడి వచ్చింది.
వేలు లేచింది.

ఆగి, నవ్వి, "చూశావా, దీనికి ఎవరూ చెప్పలేదు" అని
ఆ వేలిని రెండో చేత్తో పట్టుకున్నారు, తప్పు చేసిన పిల్లని పట్టుకున్నట్టు.
మళ్లీ మొదట్నించి.
మళ్లీ లేచింది.
నేను మెట్లు దిగుతున్నా వాయిస్తూనే ఉన్నారు.
ఒకసారి పలికిందనుకున్నాను; సముద్రం హోరులో నిజం తెలీలేదు.

బిల్లు బల్లమీద పెట్టొచ్చాను.
తీగ, ఉన్ని, చేతికూలి.
కింద ఇంకో వరస, పెన్సిలుతో:
పాత బాకీ, ఎనిమిదణాలు.